వేరుశనగలో అఫ్లాటాక్సిన్ కాలుష్యం – నివారణ

వేరుశనగను ఆశించే తిక్క ఆకుమచ్చ, తుప్పు, మొదలుకుళ్ళు తెగుళ్ళ గురించి మీరు ఇంతకు ముందే చదివి ఉంటారు. వాటన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. అవి కంటికి కనబడతాయి. ఆకు మీద మచ్చ కనిపించగానే రైతు మందు కోసం వెళతాడు. ఈ భాగంలో చెప్పబోయేది అలాంటిది కాదు. చేను పచ్చగా ఉండవచ్చు, కాయ గట్టిగా ఉండవచ్చు, గింజ చూడటానికి బాగానే ఉండవచ్చు. అయినా అందులో విషం ఉండవచ్చు. ఒకసారి విషం చేరిన తర్వాత దాన్ని పోగొట్టే మందు ఏదీ రైతు చేతిలో లేదు. అందువల్ల ఇక్కడ 'చికిత్స' అనే మాటను పక్కన పెట్టి, విషం ఎప్పుడు పుడుతుంది, ఆ అదను దానికి దక్కకుండా ఎలా చేయాలి అనే ప్రశ్నలతోనే ముందుకు సాగుదాం.

ఏమిటీ విషం?

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. కారణం తెలియక ఆ జబ్బుకు 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. అంటువ్యాధి అనుకొని సూక్ష్మజీవుల కోసం వెతికితే ఏమీ దొరకలేదు. చివరకు అనుమానం దాణా మీదికి మళ్ళింది. ఆ దాణాలో బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క పిండి ఉంది. ఆ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు జాతి శిలీంద్రం పెరిగిందనీ, అది విడుదల చేసిన రసాయనమే పిల్లల కాలేయాన్ని దెబ్బతీసిందనీ తేలింది. శిలీంద్రం పేరులోని మొదటి అక్షరాలకు 'టాక్సిన్' అన్న మాట చేర్చి దానికి 'అఫ్లాటాక్సిన్' అని పేరు పెట్టారు.

ఇది ఒకటే పదార్థం కాదు, ఒక కుటుంబం. వీటిని అతినీలలోహిత కాంతిలో చూస్తే కొన్ని నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆంగ్లంలో ఆ రంగుల పేర్ల మొదటి అక్షరాలను బట్టి బి1, బి2, జి1, జి2 అని పిలుస్తారు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ సాధారణంగా 'బి' రకాలను, దాని దగ్గరి బంధువు ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ నాలుగింటినీ తయారు చేస్తాయి. వీటిలో బి1 అత్యంత ప్రమాదకరం. మనుషుల్లో కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుందని రూఢి అయిన పదార్థాల జాబితాలో అది ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారి శరీరంలోకి అది చేరితే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తింటే క్యాన్సర్. ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో తింటే కామెర్లు, పొట్టలో నీరు, మరణం. రెండవ దానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. ఆ ఇళ్ళలోని కుక్కలూ చనిపోయాయి. కోత సమయంలో అకాల వర్షాలకు తడిసిన కంకులను సరిగా ఆరబెట్టకుండా నిలవ చేయడమే ఆ విషాదానికి దారి తీసింది. ఈ ఘటనపై పరిశోధించి లోకానికి తెలియజేసినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. పంట మొక్కజొన్న అయినా శిలీంద్రం అదే, విషం అదే.

ఎంత మోతాదు ప్రమాదం? మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం, ఇంకా శుద్ధి చేయవలసిన వేరుశనగ గింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాముల వరకు, నేరుగా తినే గింజల్లో 10 మైక్రోగ్రాముల వరకు అనుమతిస్తారు. నేరుగా తినే గింజలకు ఐరోపా సమాఖ్య పెట్టిన హద్దు ఇంకా తక్కువ, 4 మైక్రోగ్రాములే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. ఈ అంకె ఊహకు అందాలంటే ఇలా అనుకోండి. పది టన్నుల గింజలు నింపిన లారీలు వంద వరసగా నిలబడి ఉన్నాయి. ఆ వంద లారీల్లో కలిపి 15 గ్రాముల విషం, అంటే మూడు చిన్న చెంచాల ఉప్పంత ఉంటే మన హద్దుకు చేరినట్లే.

పొలంలో విషం ఎప్పుడు పుడుతుంది?

శిలీంద్ర విషం అనగానే చాలామంది వాన, తడి, ముసురు గుర్తుకు తెచ్చుకొంటారు. గోధుమ విషయంలో అది నిజమే. ఉత్తర అమెరికా, ఐరోపా, చైనాలలో గోధుమను పీడించే ఫ్యుజేరియం కంకి ఎండు తెగులు సరిగ్గా పూత దశలో వాన పడితేనే విజృంభిస్తుంది, గింజలో డీఆక్సినివాలెనాల్ అనే విషాన్ని నింపుతుంది. అక్కడి రైతు వాతావరణ సూచన చూసుకొని పూత సమయంలో శిలీంద్రనాశిని పిచికారీ చేస్తాడు. మందు వేయడానికి ఒక అదను ఉంది, తగలవలసిన కంకి పైనే ఉంది.

వేరుశనగ కథ దీనికి తలకిందులు. పువ్వు పైన పూసినా ఊడ నేలలోకి దిగుతుంది, కాయ మట్టిలో ఊరుతుంది. ఆ మట్టే శిలీంద్రం కాపురముండే చోటు. కుళ్ళిన ఆకు, పాత పంట వేళ్ళు తింటూ అది ఏడాది పొడుగునా బతుకుతుంది. కాయ మట్టిలో ఉన్నన్ని రోజులూ శిలీంద్రం దాన్ని తాకుతూనే ఉంటుంది. ఆకుల మీద చల్లిన మందు అక్కడికి చేరదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడ పంటను విషానికి అప్పగించేది వాన కాదు, బెట్ట.

ఈ సంగతిని స్పష్టంగా తేల్చినవి 1980లలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డాసన్‌లో ఉన్న జాతీయ వేరుశనగ పరిశోధనశాలలో జరిగిన ప్రయోగాలు. అక్కడ మడుల మీదికి వాన రాకుండా కప్పులు ఏర్పాటు చేసి, కాయలు ఊరే లోతులో మట్టిని కావలసినట్లు వేడి చేయడం, చల్లబరచడం చేశారు. పంట చివరి వారాల్లో నీరు ఆపి, మట్టి వేడిని సుమారు 28 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచిన మడుల్లో గింజలకు విషం పట్టింది. నీరు ఆపినా మట్టిని చల్లగా ఉంచిన చోట పట్టలేదు. మట్టి వేడిగా ఉన్నా నీరు అందిన చోట కూడా పట్టలేదు. అంటే బెట్ట, వేడి రెండూ కలవాలి, అదీ చివరి మూడు నుంచి ఆరు వారాల్లో.

ఎందుకిలా? కాయలో తగినంత నీరు ఉన్నప్పుడు గింజకు ఒక ఆత్మరక్షణ ఉంటుంది. శిలీంద్రం లోనికి రాగానే గింజ కణాలు ఫైటోఅలెక్సిన్లు అనే రక్షక పదార్థాలను తయారు చేసి దాన్ని అక్కడే అణచివేస్తాయి. నీరు తగ్గేకొద్దీ ఈ శక్తి సన్నగిల్లుతుంది. మొక్క అలసిపోయినా శిలీంద్రం అలసిపోదు. చాలా సూక్ష్మజీవులు పెరగలేని పొడి, వెచ్చని మట్టిలో కూడా ఆస్పర్జిల్లస్ హాయిగా పెరుగుతుంది. పోటీ తగ్గింది, ఎదిరించే గింజ నీరసించింది. శిలీంద్రానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అనంతపురం ప్రాంతాన్ని తలచుకోండి. ఏడాది వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. నీటిని ఎక్కువ కాలం నిలుపుకోలేని తేలిక ఎర్ర నేలలు. జూన్, జూలైలలో వానల మీద ఆధారపడి విత్తిన పంటకు కాయ ఊరే సెప్టెంబరు ప్రాంతంలో వాన ముఖం చాటేయడం అక్కడ అరుదు కాదు. దిగుబడి పోయిందని రైతు బాధపడతాడు. మిగిలిన ఆ కొద్ది కాయలకే విషం ముప్పు ఎక్కువ అన్న సంగతి అతనికి ఎవరైనా చెబితే తప్ప తెలిసే అవకాశం లేదు. వ్యవసాయ శాస్త్రం చదివే మీరు ఈ ఒక్క సంబంధాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. బెట్ట ఏడాది పంట తక్కువ పంట మాత్రమే కాదు, అనుమానించవలసిన పంట కూడా.

పొలంలో చేయగలిగినవి ఏమిటి? దుక్కిలో ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేస్తే మట్టి నీటిని కొంచెం ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, మాగబెట్టి చల్లితే ఆస్పర్జిల్లస్‌కు మట్టిలోనే పోటీదారు ఏర్పడుతుంది. ఊడలు దిగే సమయంలో మొక్కల మొదళ్ళ దగ్గర ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మన రైతులకు తెలిసినదే. గింజ నిండటానికి అని వేస్తారు, కానీ దానిలోని కాల్షియం కాయ పెంకును గట్టిపరచి శిలీంద్రం చొరబడకుండా కూడా కాపాడుతుంది. చెదలు, కాయ తొలిచే పురుగులు పెంకుకు చిల్లు పెడితే ఈ రక్షణ వృథా. కాబట్టి అవి ఉన్న చేలల్లో వాటి నివారణ అఫ్లాటాక్సిన్ నివారణలో భాగమే.

వీటన్నిటికంటే బలమైనది, చేతిలో ఉంటే, ఒక్క తడి నీరు. పంటకుంటలో నీళ్ళున్న రైతు వాటిని ఎప్పుడు వాడాలని మిమ్మల్ని అడిగితే కాయ ఊరే చివరి వారాల పేరు చెప్పండి. తుంపర పైపులతో ఇచ్చిన ఒక తడి దిగుబడినీ కాపాడుతుంది, మట్టినీ చల్లబరుస్తుంది. నీటి ఆధారం లేనివారికి మిగిలిన దారి త్వరగా కోతకొచ్చే, బెట్టను తట్టుకొనే రకాలు. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ లక్షణాల కోసమే ఏళ్ళ తరబడి కృషి చేస్తున్నాయి. విషాన్ని పూర్తిగా అడ్డుకొనే రకం మాత్రం ఇంతవరకు రైతు చేతికి రాలేదు.

మరో పద్ధతి చదవడానికి విచిత్రంగా ఉంటుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌లో విషాన్ని తయారు చేయలేని రకాలు సహజంగానే ఉన్నాయి. వాటిని ధాన్యపు గింజల మీద పెంచి పొలంలో చల్లితే విషం తయారు చేసే రకాల చోటును అవి ఆక్రమిస్తాయి. అమెరికాలో 'అఫ్లా-గార్డ్', నైజీరియా తదితర ఆఫ్రికా దేశాల్లో 'అఫ్లాసేఫ్' అనే పేర్లతో ఇవి వాడుకలో ఉన్నాయి.

కోత నుంచి కొట్టు వరకు

పీకిన వెంటనే కాయలో తేమ 35 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. దాన్ని 8 శాతానికి దించాలి. ఈ రెండు అంకెల మధ్య గడిచే రోజులే శిలీంద్రానికి రెండవ అవకాశం. పొలంలో విషం పట్టని పంట కూడా ఇక్కడ పాడు కావచ్చు.

ముందుగా కోత సమయం. ముప్పాతిక వంతు కాయల పెంకు లోపలి వైపు నల్లబడితే పంట పక్వమైనట్లు. అంతకు మించి ఆలస్యం చేస్తే ముదిరిన కాయలు మట్టిలోనే బూజు పడతాయి. చివర్లో బెట్ట తగిలి, వాన వచ్చే సూచన లేకపోతే కొంత ముందుగానే పీకడం మంచిది. దిగుబడిలో కొద్దిగా నష్టం వస్తుంది నిజమే, ఆ నష్టాన్ని ఒప్పుకోమని రైతుకు చెప్పడం కష్టమైన పనే.

పీకిన మొక్కలను కాయలు పైకి ఉండేలా, గాలి ఆడేలా వరుసలుగా పరిస్తే రెండు నుంచి అయిదు రోజుల్లో చాలా వరకు ఆరతాయి. కూలీల కొరత వల్లనో, వాన భయం వల్లనో పచ్చి మొక్కలనే వామి వేస్తుంటారు. వామి లోపల వేడి, తడి చిక్కుకుపోయి బూజుకు పుట్టిల్లు అవుతుంది. వామి వేయక తప్పకపోతే బాగా ఆరిన తర్వాతనే, కాయలు బయటి అంచుకు ఉండేలా వేయాలి. కాయలు కోసిన తర్వాత కల్లంలో పల్చగా ఆరబోయాలి, రాత్రి మంచుకు పట్టా కప్పాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. ఇది పాత పరీక్షే అయినా, తేమ కొలిచే పరికరం లేనిచోట ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక్కడ పరిగె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పీకేటప్పుడు ఊడలు తెగి మట్టిలో మిగిలిపోయిన కాయలను తర్వాత తవ్వి ఏరుకొంటారు. ఈ పని చేసేది ఎక్కువగా కూలి కుటుంబాలు, ఆడవాళ్ళు, పిల్లలు. మట్టిలో అదనంగా ఉండిపోయినవి, ముదిరినవి, దెబ్బతిన్నవి కావడంతో ఈ కాయల్లో విషం మామూలు పంట కంటే చాలా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. రైతు వీటిని తన పంటలో కలిపితే మంచి సరుకు కూడా చెడుతుంది. 'కలపవద్దు' అని విస్తరణ అధికారులు చెప్పేది అందుకే. అయితే కలపకపోతే అవి ఎవరి ఇంట్లో ఉడుకుతాయో కూడా ఆలోచించాలి. అమ్ముకోవడానికి పంట లేనివారికి ఆ కాయలే చలికాలపు తిండి. ముడతపడినవి, రంగు మారినవి, పెంకు పగిలినవి, బూజు కనిపించినవి ఏరి పారేయమని ఆ ఇళ్ళకు చెప్పడం, మార్కెట్లో రైతుకు చెప్పడమంత ముఖ్యమైన పని.

నిలవలో పాటించవలసినవి మీకు తెలిసినవే. కొత్త గోనెసంచులు, కింద చెక్కలు, గోడకు ఎడం, పైకప్పు నుంచి కారని గది. గింజగా కాక కాయగా నిలవ చేయడం మేలు, ఎందుకంటే పెంకే మొదటి కవచం. నిలవలో పురుగు పడితే దాని శ్వాసక్రియ వల్ల కూడా సంచిలో తేమ, వేడి పెరుగుతాయి.

అయితే ఇంత జాగ్రత్తగా ఆరబెట్టిన కాయలను చివరికి నీళ్ళతో తడిపే అలవాటు ఒకటి ఉంది. కాయలు ఒలిచే యంత్రంలో వేసేటప్పుడు గింజ పగలకుండా, పప్పు పొర ఊడకుండా ఉండాలని ముందు రోజు నీళ్ళు చల్లుతారు. తూకం పెరగడం కూడా అందులో ఒక ఆకర్షణ. ఒలిచిన గింజలను మళ్ళీ ఆరబెట్టకుండా సంచుల్లోకి ఎత్తితే నెలరోజుల శ్రమ ఒక్క రాత్రిలో వృథా అవుతుంది. యంత్రంలోని జల్లెడ కంతలను కాయ పరిమాణానికి తగ్గట్టు మార్చుకొంటే నీళ్ళు చల్లవలసిన అవసరం చాలా వరకు తప్పుతుంది.

నమూనా తీయడంలోని చిక్కు

సరుకులో విషం ఉందో లేదో పరీక్షించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పరీక్షలు ఉన్నాయి. ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో చేయగలిగే ఎలీసా పరీక్షను రూపొందించింది. చిక్కు పరీక్షలో లేదు, పరీక్షకు తీసే గుప్పెడు గింజల్లో ఉంది. విషం సరుకంతా సమానంగా పరుచుకొని ఉండదు. వేల గింజల్లో ఏ ఒకటి రెండింటిలోనో గుట్టగా ఉంటుంది. ఒక్క గింజలోనే కిలోకు పదిలక్షల మైక్రోగ్రాముల గాఢతకు మించి కనుగొన్న సందర్భాలు ఉన్నాయి.

అలాంటి గింజ బరువు 0.4 గ్రాములు అనుకోండి. అందులోని విషం 400 మైక్రోగ్రాములు. 10 కిలోల సంచిలో సుమారు 25,000 గింజలు ఉంటాయి. మిగిలినవన్నీ శుభ్రంగా ఉన్నా, ఈ ఒక్క గింజ వల్ల సంచి సగటు కిలోకు 40 మైక్రోగ్రాములు అవుతుంది. 15 మైక్రోగ్రాముల హద్దుకు రెండున్నర రెట్లకు పైగా! ఇప్పుడు మీరు ఆ సంచిలోంచి 100 గ్రాములు తీసి పరీక్షించారు. ఆ గింజ మీ చేతికి రావడానికి ఉన్న అవకాశం వందకు ఒకటి. మిగిలిన 99 సార్లు 'విషం లేదు' అనే ఫలితమే వస్తుంది.

అందుకే సంచి నోటి దగ్గర నుంచి గుప్పెడు తీయకూడదు. కుప్పలోని అనేక చోట్ల నుంచి కొంచెం కొంచెంగా కిలోల కొద్దీ తీసి, అంతా కలిపి, పిండి చేసి, ఆ పిండి నుంచి పరీక్షకు తీసుకోవాలి. ఎగుమతిదారు ఇక్కడ 'మంచిది' అని పంపిన సరుకు ఓడ దిగిన తర్వాత 'పనికిరాదు' అని తిరిగి రావడానికి మోసం ఒక్కటే కారణం కానక్కర లేదు. గణితమే అందుకు చాలు.

విషం చేరిన గింజలు ఎక్కడికి పోతాయి?

ఏరివేత ఒక మేరకు ఫలిస్తుంది. ముడతపడిన, రంగు మారిన గింజల్లోనే విషం ఎక్కువగా చేరి ఉంటుంది కాబట్టి వాటిని చేత్తోనో యంత్రంతోనో వేరు చేస్తే సరుకు చాలా వరకు శుభ్రపడుతుంది. వేయించడం వల్ల విషం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉడికిస్తే మరీ తక్కువ. అయితే ఏరివేసిన గింజలను ఎవరూ తగలబెట్టరు. తక్కువ ధర పలికినా అవీ అమ్ముడుపోతాయి, ఎక్కువగా నూనె మిల్లుకు చేరతాయి.

నూనె తీసినప్పుడు విషంలో అధిక భాగం చెక్కలో మిగులుతుంది. నూనెలోకి వచ్చిన కొద్ది భాగం క్షారంతో శుద్ధి చేసినప్పుడు దాదాపు పోతుంది. శుద్ధి చేయని గానుగ నూనెలో ఆ కొద్ది భాగం ఉండిపోతుంది. 'సహజమైనది కాబట్టి మంచిది' అని కొనేవారు గింజ నాణ్యత గురించి అడగడం మరువకూడదు.

చెక్క పశువుకు వెళుతుంది. పాడిపశువు తిన్న బి1లో కొంత భాగం దాని కాలేయంలో ఎం1 అనే రూపానికి మారి, ఒక రోజులోపే పాలలో కనిపించడం మొదలవుతుంది. పాలు కాచినా అది పోదు. మన దేశంలో పాలకు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, ఐరోపాలో అందులో పదోవంతు. పాలు ఎక్కువగా తాగేది పసిపిల్లలు కావడం వల్లే ఈ హద్దు గింజల కంటే అంత కఠినంగా ఉంది. ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. కలుషితమైన చెక్క పెట్టడం ఆపిన మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి.

చేసి చూడండి: మీ దగ్గరలోని మార్కెట్ యార్డు లేదా కిరాణా కొట్టు నుంచి అరకిలో వేరుశనగ గింజలు తెచ్చి, నిండుగా ఉన్నవి, ముడతపడినవి, రంగు మారినవి, పగిలినవి వేరు చేసి ఒక్కొక్క భాగాన్ని తూచండి. తర్వాత వేయించిన పల్లీలు, పల్లీ చిక్కీలకు వాడే రకం, కొట్టువారు 'రెండో రకం' అని అమ్మేవి తెచ్చి అదే విధంగా చేయండి. ధరలను పక్కపక్కన రాసుకొని, ఏ రకం ఏ ఇళ్ళకు చేరుతుందో విచారించి సంపర్క తరగతిలో చర్చించండి. గింజలు వేరు చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ గింజలను ఇంట్లో వాడకండి, పశువులకూ కోళ్ళకూ వేయకండి.